పెట్టె లోపల ఏముందో అడిగి కొనండి

(ఒక పేటలోని చదువుల గదిలో ఉపాధ్యాయుడొకరు చేసిన ప్రసంగ పాఠం. మాట్లాడిన తీరును చాలావరకు అలాగే ఉంచి అచ్చువేస్తున్నాం.)



పక్క రెండు ఊళ్ళ వాళ్ళు తమ పేటలకి కూడా కంప్యూటరు కొనుక్కోవాలనుకుంటున్నారు. మీరెట్టా కొన్నారో చెప్పండి మాస్టారూ అని అడిగారు. అందుకే ఈ కూడిక. ముందే ఒక మాట. నేను ఇంజనీరుని కాదు. హైస్కూల్లో సోషల్ చెప్పుకునేవాణ్ణి. అమ్మానాన్నా మిరప కోతలకి పోయి చదివిస్తే మా ఇంట్లో మొదటిసారి డిగ్రీ కాయితం పట్టుకున్నవాణ్ణి. 2003లో బీఈడీ చదివేటప్పుడు కంప్యూటరుని మొదటిసారి చూశాను. అద్దాల గది. చెప్పులు బయట విప్పాలి. లోపల గోడకి అట్టముక్క మీద 'ముట్టుకోరాదు' అని రాసుంది. ఆ మాట మనకేమన్నా కొత్తా? మా తాత దగ్గర్నుంచీ విన్నదే కదా! నేనూ ముట్టుకోలేదు. ముట్టుకోకుండానే పద్దెనిమిదేళ్ళు గడిపాను. దానికి ఎంత మూల్యం కట్టామో ఇప్పుడు చెబుతాను.

2021లో కరోనాకి బళ్ళు మూతపడి పాఠాలు ఫోన్లలోకి పోయాయి. అప్పుడు మన పేటలో ఇంటింటికీ తిరిగి, ఉద్యోగాల్లో ఉన్న నలుగురం కొంత కలిపి, 24,000 రూపాయలు పోగుచేశాం. జిల్లా కేంద్రంలో ఒక షాపుకి పోయాం. పేరు చెప్పను. చెప్పినా మీకు ఉపయోగం లేదు, అట్టాంటి షాపు ప్రతి టౌన్లోనూ ఒకటుంటది. "ఐ5 అండీ, కొత్త పీసు, ఏడాది గ్యారంటీ" అన్నాడు. మెరిసే డబ్బా, ముందు ఎర్ర లైట్లు. మేం ఆరుగురం పోయి ఆ లైట్ల వంకే చూస్తా నిలబడ్డాం. లోపల ఏముందని ఒక్కడూ అడగలేదు. అడగటానికి మాకు మాట తెలియదు. తెల్లకాయితం మీద '1 కంప్యూటర్ 24,000' అని రాసిచ్చాడు. దాన్నే బిల్లనుకున్నాం.

మరుసటేడు వానాకాలంలో ఒక రాత్రి కరెంటు ఎగిరెగిరి పడింది. పెట్టెలోంచి టప్‌మని శబ్దం, కాలిన వాసన. దాంతోపాటు హార్డ్ డిస్కు కూడా పోయింది. అందులో పింఛన్ల కోసం స్కాన్ చేసిన ఆధార్ కాయితాలు, పిల్లల కులధ్రువీకరణ పత్రాలు, టీసీలు అన్నీ ఉన్నాయి. ఇదిగో ఈ చెల్లెలు, ఆమెని అడిగే చెబుతున్నాను, ఒక పరీక్ష దరఖాస్తు కోసం ఫోటో, సంతకం, సర్టిఫికెట్లు అన్నీ అందులోనే దాచుకుంది. మర్నాడే ఆఖరు తేదీ. పొద్దున్నే బస్సెక్కి టౌనుకి పోయి మళ్ళీ అన్నీ స్కాన్ చేయించేలోపు ఫీజు కట్టే గడువు అయిపోయింది. ఆ ఏడు ఆ పరీక్ష పోయింది. షాపువాడి దగ్గరికి పోతే "మీ ఊళ్ళో కరెంటు బాగోకపోతే నేనేం చేసేది, గ్యారంటీ కార్డు తెండి" అన్నాడు. ఇస్తే కదా తేవటానికి!

బీటెక్ చదివే మన కుర్రాడు సెలవులకొచ్చి మూత విప్పాడు. లోపల ఫ్యాను తీసి ప్రాసెసర్ మీది జిగురు తుడిచి చూస్తే దాని మీద రాసుంది, ఐ5-3470 అని. అది 2012లో వచ్చిన చిప్పు. ఎక్కడో ఆఫీసులో ఏళ్ళ తరబడి వాడి తీసేసిందే అయ్యుంటది. దానికి హెచ్61 అనే రకం బోర్డు, ఊరూ పేరూ లేని కంపెనీ చేసింది, కొత్తగా తగిలించారు. డబ్బా కొత్తది, లైట్లు కొత్తవి. గుండె మాత్రం తొమ్మిదేళ్ళ పాతది.

ఇక్కడ న్యాయంగా ఒకటి చెప్పాలి. పాత చిప్పు పనికిరాదని నేననను. ఆరేడు వేలకి 'ఇది పాతది' అని చెప్పి అమ్మితే, లినక్స్ వేసుకుని టైపింగుకి వాడుకోవచ్చు. కొత్తదని చెప్పి 24,000 గుంజటం దగ్గరే ఉంది మోసం.

అంచేత మొదటి పాఠం ఆ నంబరు చదవటం. ఐ3, ఐ5, ఐ7 అంటే బళ్ళో సెక్షన్ లాంటిది. ఏ సెక్షను, బీ సెక్షను. తరగతి ఎంతో దాని వెనక అంకెలో ఉంటది. 3470 అంటే మూడో తరం. 12100 అంటే పన్నెండో తరం. మూడో తరగతిలో ఫస్టు వచ్చేవాడు గొప్పా, పన్నెండో తరగతిలో మామూలుగా చదివేవాడు గొప్పా? లెక్కిస్తే ఎవడు చేస్తాడు? 2012లో వచ్చిన మూడో తరం ఐ7-3770 కన్నా 2022లో వచ్చిన ఐ3-12100 సుమారు రెట్టింపు పని చేస్తది. వినటానికి ఐ7 పెద్దదిలా ఉంటది, అంతే. షాపువాడు 'ఐ7' అని ఆపేశాడంటే, "తరువాత నంబరు చెప్పు బాబూ" అనండి. డబ్బు ఇచ్చేముందు పెట్టె ఆన్ చేయించి, సెట్టింగ్స్‌లో సిస్టమ్, అందులో అబౌట్ తెరిపించండి. పూర్తి నంబరు అక్కడ కనపడతది. కాయితం మీద రాసుకోండి.

ఇంకో సంగతి. మైక్రోసాఫ్ట్ వాళ్ళు విండోస్ 10కి మామూలు మద్దతు 2025 అక్టోబరు 14తో ఆపేశారు. విండోస్ 11కి వాళ్ళు ఒప్పుకునేది ఇంటెల్‌లో ఎనిమిదో తరం నుంచి. ఏఎండీలో రైజెన్ 2000 వరుస నుంచి, అందులోనూ 2200జీ, 2400జీ లాంటి కొన్ని లెక్కలోకి రావు. అంతకన్నా పాతదాన్లో దొడ్డిదారిన వేసి ఇస్తారు, రేపు అప్‌డేట్ దగ్గర ఇబ్బంది మనది.

2024 జూన్‌లో మళ్ళీ కొనాలనుకున్నప్పుడు, ఈసారి తయారు పెట్టె వద్దు, భాగాలు విడివిడిగా కొని మనమే బిగిద్దాం అన్నాను. చాలామంది నవ్వారు. "సోషల్ మాస్టారు కంప్యూటరు బిగిస్తాడంట" అన్నారు. 74 ఇళ్ళు, ఇంటికి 500, మొత్తం 37,000. ఆ అయిదొందలు కొందరికి రెండు రోజుల కూలి. ఒక పెద్దమ్మ చేతిలో పెడతా, "ఇదైనా కాలిపోదు గదా అయ్యా?" అంది. దానికి నా దగ్గర జవాబు లేదు. ఆ రాత్రి నుంచే ఒక్కో భాగం గురించి నోటుబుక్కులో రాసుకోవటం మొదలుపెట్టాను.

ముందు ఏం పనికి కావాలో రాసుకున్నాం. దరఖాస్తులు, స్కానింగు, తెలుగు టైపింగు, పిల్లల వీడియో పాఠాలు. ఆటలు కాదు. కుర్రాళ్ళు గ్రాఫిక్స్ కార్డు కావాలని పట్టుబట్టారు. టౌన్లో ఒకాయన జీటీ 710 అనే కార్డు చూపించాడు, పదేళ్ళు దాటిన సరుకు. ప్రాసెసర్‌లోనే వచ్చే గ్రాఫిక్స్‌ని మించి అది మనకి చేసేదేం లేదు. డబ్బు దండగ అని ఆపాను. ఒక నెల నాతో మాట్లాడలేదు వాళ్ళు.

కానీ ఆ 'ప్రాసెసర్‌లోనే వచ్చే గ్రాఫిక్స్' దగ్గర ఒక గుంట ఉంది, చూసి నడవండి. ఐ3-12100 అని ఒకటి, ఐ3-12100ఎఫ్ అని ఇంకోటి ఉన్నాయి. ఎఫ్ ఉన్నది ధర తక్కువ. అదెందుకు తక్కువంటే, దాన్లో బొమ్మ చూపించే భాగం పనిచెయ్యదు. విడిగా కార్డు లేకపోతే తెర నల్లగానే ఉంటది. చివర ఒక్క అక్షరం! రెండువేలు మిగిలిందని సంబరపడి వస్తే, నాలుగువేల కార్డు కోసం మళ్ళీ బస్సెక్కాలి. ఏఎండీలో దీనికి తిరగలి. అక్కడ 5600జీ లాగా చివర జీ ఉన్నదాన్లో గ్రాఫిక్స్ ఉంటది, ఉత్త 5600లో ఉండదు. 5600జీ కూడా మంచిదే, ఆరు కోర్లు. ఆ రోజు మాకు దొరికిన ధరల్లో ఐ3-12100 కుదిరింది, 10,800. నాలుగు కోర్లు మన పనికి చాలు. సీలు వేసిన డబ్బాలో తీసుకున్నాం. డబ్బాలో వస్తే ఫ్యాను కూడా వస్తది, మూడేళ్ళ కంపెనీ వారంటీ ఉంటది. డబ్బా లేకుండా విడిగా అమ్మేదాన్ని 'ట్రే' అంటారు, కొంచెం చవక. వద్దన్నాను.

బోర్డు సంగతి సంబంధం కుదుర్చుకోవటం లాంటిది. అటూ ఇటూ గోత్రాలు కలవాలి. పన్నెండు, పదమూడు, పద్నాలుగు తరాల ఇంటెల్ చిప్పులకి ఎల్‌జీఏ1700 అనే సాకెట్టు. రైజెన్ 5000 వరకూ ఏఎం4. 2022లో ఏఎం5 వచ్చింది. ఒకదాన్లో ఇంకోటి దూరదు. మాకు చవకలో చాలిన బోర్డు హెచ్610, 6,200. ఇందులోనే డీడీఆర్4 ర్యామ్ పట్టేది వేరే, డీడీఆర్5 పట్టేది వేరే. పేరు ఒకటే, డబ్బా మీద చిన్న అక్షరాల్లో ఉంటది తేడా. ర్యామ్ పుల్లకి కింద ఒక గాటు ఉంటది. ఒక్కో రకానికి ఆ గాటు ఒక్కో చోట. బలవంతంగా నొక్కితే విరగటమే. ఇంకా, బోర్డు పాత నిల్వదై చిప్పు దానికన్నా తరువాత వచ్చినదైతే బయోస్ అప్‌డేట్ చెయ్యకపోతే లేవదు. షాపులోనే అడిగి చేయించుకోవాలి, ఇంటికొచ్చాక మన చేతిలో ఉండదు.

ర్యామ్ విషయంలో నా లెక్క తప్పింది. చెప్పేస్తాను. హెచ్610 బోర్డుకి రెండే గాళ్ళు. నాలుగు జీబీవి రెండు పెడితే రెండూ నిండిపోతాయి, తరువాత పెంచాలంటే తీసి పారెయ్యాలి. అందుకని 8 జీబీది ఒకటి కొని రెండో గాడి ఖాళీగా వదిలాం, 1,800. వచ్చే ఏడు ఇంకోటి వేద్దాంలే అనుకున్నాం. ఇక్కడిదాకా బాగానే ఉంది. 2025 చివరికొచ్చేసరికి ఏఐ కోసం పెద్ద పెద్ద కంపెనీలు ప్రపంచంలో ఉన్న మెమరీ చిప్పులన్నీ ఎగరేసుకుపోవటం మొదలైంది. ర్యామ్ ధర రెట్టింపు దాటిపోయింది. ఎక్కడో అమెరికాలో కట్టే కంప్యూటర్ల కోటకి మన పేటలో ఖాళీ గాడికి సంబంధం ఉంటదని నేనెట్టా అనుకుంటాను! ఆ 1,800 ఆ రోజే ఇంకోసారి పెట్టాల్సింది. మీరు ఇప్పుడు కొనేవాళ్ళు, నేను చెప్పిన ధరలు పట్టుకుని పోకండి, అవి 2024వి. ర్యామ్‌కీ, ఎస్ఎస్‌డీకీ ఎక్కువ కేటాయించుకుని, అవసరమైతే డబ్బాలో, మానిటర్లో తగ్గించుకోండి.

ఎస్ఎస్‌డీ అన్నాను కదా. పాత హార్డ్ డిస్కులో పళ్ళెం నిమిషానికి 7,200 సార్లు తిరుగుతా ఉంటది, మీద సూది. ఎస్ఎస్‌డీలో తిరిగేదేం లేదు. పెట్టె ఆన్ చేసి టీ తాగొచ్చే పని తప్పుతది. బోర్డు మీదే పడుకోబెట్టి ఒక్క స్క్రూ బిగించే ఎన్‌వీఎంఈ రకం, 500 జీబీ, 3,000 పెట్టాం. ఎవరన్నా పాత డిస్కు కొత్తదని అంటగడితే పట్టుకునే ఉపాయం ఉంది. క్రిస్టల్ డిస్క్ ఇన్ఫో అని ఉచిత ప్రోగ్రాం. అది ఎన్ని గంటలు తిరిగిందో చూపిస్తది. కొత్తదాన్లో పదిలోపు గంటలు ఉండాలి. పదివేల గంటలు చూపించిందంటే వేరే ఊళ్ళో కాపురం చేసొచ్చిందే.

ఇప్పుడు అసలు సంగతి. అందరూ ప్రాసెసర్ గురించి అడుగుతారు, మన పెట్టెని కాల్చింది ప్రాసెసర్ కాదు. ఎస్ఎంపీఎస్. గోడ కరెంటుని లోపలికి కావలసిన 12 వోల్టులు, 5 వోల్టులుగా మార్చేది అదే. డబ్బాతో ఉచితంగా వచ్చే ఎస్ఎంపీఎస్ మీద 450 వాట్లు అని రాసుంటది. రాయటానికేం, స్టిక్కరే కదా! చేత్తో ఎత్తి చూడండి, ఉత్త రేకు డబ్బాలా తేలిపోతది. లోపల రాగి తీగచుట్టలు, కెపాసిటర్లు సరిగా ఉన్నది బరువుగా ఉంటది. బరువు ఒక్కటే పరీక్ష కాదనుకోండి. 80 ప్లస్ అనే ముద్ర, పేరున్న కంపెనీ, మూడేళ్ళ వారంటీ చూసి విడిగా 2,300 పెట్టి కొన్నాం. ఎస్ఎంపీఎస్ లేని ఖాళీ డబ్బా 1,900. మన పెట్టె మొత్తం కలిపినా 150 వాట్లు దాటదు. ఐ3 తాగేది బాగా దౌడు తీసినప్పుడు 89. కాబట్టి పెద్ద పెద్ద వాట్లు అక్కర్లేదు, నిజమైన 450 చాలు. అబద్ధపు 650 కన్నా నిజం 450 మేలు.

దాని తరువాత ఎర్తింగు. 2021 పెట్టె ఒంటి మీద చెయ్యేస్తే జిల్లుమనేది, గుర్తుందా? పిల్లలు ఆటగా ముట్టుకుని నవ్వేవాళ్ళు. నాకిప్పుడు తలచుకుంటే ఒళ్ళు జలదరిస్తది. ఎస్ఎంపీఎస్ లోపల వడపోత కోసం చిన్న కెపాసిటర్లుంటాయి. వాటిగుండా కొద్దిగా కరెంటు పెట్టె రేకులోకి వస్తది. ప్లగ్గులో మూడో పిన్నుకి ఎర్త్ ఉంటే అది భూమిలోకి దిగుతది. లేకపోతే మన ఒంట్లోంచి దిగుతది. మన పేటలో ఎన్నిళ్ళకి ఎర్త్ ఉంది? మూడో రంధ్రం ఉంటది, దాని వెనక తీగే ఉండదు. పంచాయతీవాళ్ళు ఈ గదికి పెట్టిన బోర్డుకీ లేదు. మనవాళ్ళే నలుగురు గొయ్యి తవ్వి, జీఐ పైపు దించి, ఉప్పూ బొగ్గూ వేసి పూడ్చారు. వేసంగిలో ఆ గోతిలో రోజూ బిందెడు నీళ్ళు పొయ్యాలి. ఈ నెల వంతు ఎవరిదో గానీ రెండు రోజులుగా పొయ్యలేదు, పొద్దున చూశాను.

యూపీఎస్ 600 వీఏది, 2,700. 600 వీఏ అంటే 600 వాట్లు కాదు, మాకిచ్చినది 360 వాట్లు. కరెంటు పోతే పది నిమిషాలు నిలబడతది. అంటే రాసింది దాచుకుని మూసెయ్యటానికే, సినిమా చూడటానికి కాదు. లేజర్ ప్రింటరు దానికి తగిలించొద్దు, ఒక్కసారిగా లాగుతది. మానిటరు 22 అంగుళాలది 6,600, కీబోర్డు మౌసు 800. అంతా కలిపి 36,100. మిగిలిన 900లో పైపు, తీగ, బస్సు చార్జీలు.

బిల్లు. "బిల్లు కావాలంటే 18 శాతం జీఎస్టీ పడతది, వద్దంటే తగ్గిస్తా" అంటాడు. ఆశ పుడతది, నాకూ పుట్టింది. కానీ బిల్లు లేకపోతే వారంటీ అడిగేదెట్టా? నేను పైన చెప్పిన ధరలన్నీ బిల్లుతో. ఒక్కో భాగానికి సీరియల్ నంబరు బిల్లు మీద రాయించుకున్నాం. సికిందరాబాద్ చెనాయ్ ట్రేడ్ సెంటర్లో నాలుగు షాపుల్లో ధర అడిగి కాయితం మీద రాయించుకున్నాక, కొన్ని అక్కడ, కొన్ని ఇక్కడ తీసుకున్నాం. ఒక షాపతను మన బట్టలు చూసి "సెకండ్‌హాండ్ అటువైపు" అన్నాడు. చెల్లెలు నోటుబుక్కు తెరిచి, "హెచ్610 డీడీఆర్4ది ఏ కంపెనీది ఉంది, బయోస్ ఏ వెర్షను?" అనడిగింది. కుర్చీ వేశాడు.

సెకండ్‌హాండ్ అంటే తప్పేం కాదు. డబ్బు మరీ తక్కువైన పేటలవాళ్ళు ఎనిమిదో తరం ఐ5-8500 ఉన్న ఆఫీసు పెట్టెలు చూడండి. డెల్, హెచ్‌పీ, లెనోవా కంపెనీలవి, ఆరు కోర్లు, విండోస్ 11 కూడా పడతది. ఒక్కటి గుర్తుంచుకోండి, వాటిల్లో చాలావాటికి బోర్డు, ఎస్ఎంపీఎస్ ఆ కంపెనీ కొలతల్లోనే ఉంటాయి. పోతే మామూలు సరుకు పట్టదు.

విండోస్ లైసెన్సు ధర వేరే. దొంగ విండోస్ వేసి ఇస్తామంటారు, దాంతోపాటు ఏ పురుగు వస్తదో తెలియదు. మేం లినక్స్ మింట్ వేసుకున్నాం, ఉచితం. తెలుగు ఇన్‌స్క్రిప్ట్ కీబోర్డు దాన్లోనే ఉంది. ప్రెస్సువాళ్ళకి అను ఫాంట్లలో ఇవ్వాల్సి వచ్చినప్పుడు మాత్రం ఇబ్బంది, అది ఇంకా తేలలేదు.

బిగించిన రోజు ఇదే గది. ప్రాసెసర్ పెట్టింది, పరీక్ష పోగొట్టుకున్న ఈ చెల్లెలే. ఇంటెల్‌లో సూదులు బోర్డు మీద ఉంటాయి, వెంట్రుక లాంటివి. ఒకటి వంగితే బోర్డు పోయినట్టే. మూల మీద బంగారు రంగు ముక్కోణం గుర్తు చూసి, నొక్కకుండా, వదిలేసింది. దానంతటదే కూర్చుంది. అందరం ఊపిరి బిగబట్టాం. స్విచ్చేస్తే తెర నల్లగా ఉంది! పెద్దమ్మ నా మొహంలోకి చూసింది. ర్యామ్ తీసి, పిల్లాడి పెన్సిలు రబ్బరుతో దాని బంగారు పళ్ళు మెల్లగా రుద్ది, రెండు పక్కలా టక్‌మనేదాకా నొక్కితే బొమ్మ వచ్చింది. నాలుగో తరగతి పిల్లాడి రబ్బరు అది, ఇప్పటికీ డ్రాయర్లో ఉంది. తిరిగివ్వలేదని వాడు అడుగుతానే ఉన్నాడు.

వెనక ఖాళీ పట్టీలు మాత్రం తీసేసి వదలొద్దు. బల్లులు దూరతాయి. నవ్వకండి, గత వేసంగిలో ఒకటి ఫ్యానులో పడింది.

సరే, మాటలు చాలు. ఇప్పుడు మూత విప్పి చూపిస్తాను. పక్క ఊళ్ళవాళ్ళు ముందుకి రండి, వెనక నిలబడితే కనపడదు. అమ్మాయ్, యూపీఎస్ ఆపి ప్లగ్గు పీకు. స్విచ్చు ఆపటం కాదు, పీకెయ్యి. చేతులు తడిగా ఉన్నవాళ్ళు తుడుచుకోండి, పెట్టె ఇనుప రేకు ఒకసారి తాకండి. పెద్దమ్మా, నువ్వు కూడా రా. ముట్టుకో.